గొళ్ళెం మెడలో తాళంచెవి

నిద్రమత్తు వదలని వీధిదీపములు ఒక్కటొక్కటిగా ఆరిపోవుచుండగా, మేడమీది కుళాయిలు గొంతు సవరించుకొనుచుండగా, ఆ పాత మేడలో, మెట్లక్రింద, నిలువునా నిలిచిన మనిషికి నెత్తి తగులునట్టి ఇరుకుదనముచేత వీధివీధియంతయు కీర్తిగాంచిన తాళముల దుకాణమునందు, మేకులకు వ్రేలాడు తాళంచెవుల గుంపు చిరుగాలికి గలగలలాడుచుండగా, ఏ మహావీరుడు సమరోత్సాహముతో లేచి నిలబడెనో, లేచి నిలబడి నెత్తి కొట్టుకొనెనో, ఆ వీరుని గాథను ఇప్పుడు చెప్పెదను. చెవులు రిక్కించి వినుడు.

తాళములకు అధిదేవత యెవరో నాకు తెలియదు. ఉన్నచో ఆమెకు తొలి దండము. పిల్లులకు అధిదేవత అక్కరలేదు, తమకు తామే చాలునని వాటి నమ్మకము. కావున మలి దండము నేరుగా పిల్లులకే.

ఆ వీరుడెవడందురా? తుప్పుతాళమర్దనుడు, బీరువాభేదనచతురుడు, పోయిన తాళంచెవులకు పునర్జన్మప్రదాత, ఇల్లాలు చెప్పిన సరుకులలో సగము మరచి వచ్చుటయందు అసమానుడు, ఎల్లరును ‘తాళాలాయన’ అని పిలుచు ఆ తాళములాయనయే. పరుల తాళములన్నియు ఆయన చేతికి లొంగును గాని, తన తాళంచెవి తానెక్కడ పెట్టెనో ఆయనకు ఏనాడును తెలియదు. ఒకసారి ఇంటి తాళంచెవి పిండిడబ్బాలో దొరికెను. ఇంకొకసారి దొరకనేలేదు, తలుపే మార్చుకొనిరి.

ఆ దుకాణమునకు అసలు యజమానురాలు ఒక నల్లమచ్చల తెల్లపిల్లి. ఎట్టి తలుపు గొళ్ళెమునైనను ముంగాలితో మీటి లేపి లోనికి చొచ్చుకొనిపోవు విద్య దానికి పుట్టుకతోనే అబ్బెను గాన, గొళ్ళెమనియే దాని పేరు. దానికి ఇంకొక అలవాటు గలదు. తాళములాయన పనిచేయుచున్నంతసేపు బల్లమీద ఆయన మోచేతి ప్రక్కన కన్నులు మూసి పడుకొనును. లోపలి లీవరు లొంగి తాళము ‘టిక్కు’మన్నంతనే, ఆ ఘనకార్యము తనదే యైనట్లు లేచి వచ్చి, మెడను ఆయన మణికట్టుకు అదిమి రుద్దును. ఆ ఒక్క రుద్దుకొరకే ఆయన ఎన్నో తాళములు విసుగులేక బాగుచేసెను. అయినను ఎవరడిగినను ‘అది మా ఆవిడ పిల్లండీ’ అనుటయే గాని, నాది అని ఎన్నడును ఒప్పుకొనలేదు.

ఇట్లుండగా వచ్చిన చిక్కు సంతానము. గొళ్ళెము బహుసంతానవతి. అది కనుచునే యుండగా, ఆ పిల్లలను ఎవరికి అంటగట్టుట? తాళములాయన ఒక అట్టముక్కమీద ‘ఇచ్చట తాళంచెవి చేయించుకొన్నవారికి పిల్లిపిల్ల ఉచితము’ అని వ్రాసి దుకాణము ముందు తగిలించెను. మొదట జనులు మురిసిరి. పిమ్మట ఆ వీధిలో ఇంటింట ఒక పిల్లి వెలసిన తరువాత, తాళంచెవి పోగొట్టుకొన్నవారు సైతము ఆ దుకాణమువైపు రాక, సొంత తలుపులు సొంత భుజములతో పగులగొట్టుకొనసాగిరి. బేరము పడిపోయెను.

పిల్లికి కుటుంబ నియంత్రణ చేయించుటయే ఉపాయమని తలచి తాళములాయన పెద్దబజారులోని పిల్లుల వైద్యుని కడకు పోయి, ఆయన చెప్పిన ఖర్చు విని, గోడ పట్టుకొని బయటికి వచ్చెను. అదృష్టవశమున, దాతలు కొందరు చందాలు వేసుకొని, ఋతువునకొక దినము పశువుల ఆసుపత్రిలో శిబిరము పెట్టి ఆ శస్త్రచికిత్సను తాళము బాగుచేసిన కూలికి మించని ఖర్చుతో చేయించుచుండిరి. పోయిన ఋతువున దంపతులు గొళ్ళెమును మూతబుట్టలో పెట్టుకొని బస్సెక్కిరి. ఆ మార్జాలవిదుషి నడిమిదారిలో బుట్ట గొళ్ళెము లేపుకొని, బస్సు ఆగిన చోట మర్యాదగా దిగి, సాయంత్రమునకు నడిచి ఇల్లు చేరెను. ఆసుపత్రికి బుట్ట మాత్రమే చేరెను.

దాని ఫలము మేడమీది ఇంటావిడ బీరువాలో పండెను. ఆమె బీరువా తాళము పట్టివేయగా, తాళములాయన పోయి దానిని చక్కగా తెరచి, మూయుట మరచి వచ్చెను. గొళ్ళెము ఆ తెరపిన లోనికేగి, చలికాలపు దుప్పట్ల నడుమ ప్రసవించెను. అప్పుడా గృహస్వామిని, చీపురు చేతబట్టి, మెట్లు దద్దరిల్ల దిగివచ్చెను.

“ఏమయ్యా తాళాలాయనా! బీరువా బాగుచెయ్యమన్నాను గానీ పురిటిగది చెయ్యమన్నానా?”

“పొరపాటైపోయిందమ్మగారూ.”

“పోయినసారీ ఇదే మాట. నా కొత్త దుప్పటి నిండా వెంట్రుకలే! ఇంకొక్కసారి ఇది కడుపుతో కనబడిందంటే, పిల్లినైనా పంపించెయ్యి, కొట్టైనా ఖాళీ చెయ్యి. ఏదో ఒకటి నువ్వే తేల్చుకో.”

‘ఓ కఠినహృదయా! ఈ భుజములయందు ప్రాణమున్నంతవరకు, ఈ చేతియందు ఆకురాయి ఆడుచున్నంతవరకు, గొళ్ళెమును ఈ గుమ్మము దాటించువాడు ఈ భూమిమీద పుట్టలేదు, పుట్టబోడు!’ అని తాళములాయన తన హృదయాంతరాళమున సింహనాదము చేసెను. పైకి మాత్రము “అలాగేనమ్మగారూ” అనెను.

ఆ పిల్లలకు ఎట్లో ఇండ్లు వెదకి, ఆయన ప్రతిజ్ఞ పట్టెను. ఇనుపతీగె పంజరమొకటి అల్లెను. దానికి తలుపు, తలుపునకు బందులు పెట్టెను. ఆ తలుపునకు వేయుటకై, తన సమస్తవిద్యను కరిగించి పోసి, పిల్లి మీటలేనిది, మీటినను లొంగనిది, నొక్కినంతనే తనంత తాను బిగిసిపోవునది, లీవరు వెనుక లీవరు దాచుకొన్నది అయిన ఒక తాళమును నిర్మించెను. నిర్మించి, నూనెగుడ్డతో తుడిచి, ఇల్లాలి ముందుంచి ఇట్లు పలికెను.

“చూశావా? దీన్ని నేను కూడా తెరవలేను, తెలుసా?”

“అది గొప్పా?” అనెను ఇల్లాలు, కూరగాయలు తరుగుచు.

అజ్ఞానులతో వాదము వీరలక్షణము కాదు గాన ఆయన పోయి తాళమును పంజరమునకు తగిలించెను.

శిబిరదినము రానేవచ్చెను. ఆ తెల్లవారుజామునే, నేను మొదట చెప్పిన రీతిగా, మన వీరుడు లేచి నెత్తి కొట్టుకొనెను. రాత్రినుండి పిల్లికి మెతుకు పెట్టరాదని ఆసుపత్రివారి ఆజ్ఞ. అందుచేత తిండి ఎరచూపి పంజరమున దింపు మార్గము మూసుకొనిపోయెను. ఇక మిగిలినది బాహుయుద్ధమే. అయితే దానికి ముందు, తాళంచెవి భద్రత.

“ఆ తాళంచెవి నాకివ్వండి, కొంగుకు ముడేసుకుంటాను” అనెను ఇల్లాలు.

“బస్సెక్కేటప్పుడు అందరికీ సీట్లు చూస్తూ నువ్వే వెనకబడిపోతావు. నీతోపాటు అదీ.”

“అయితే మీ జేబులో వేసుకోండి.”

ఆ మాటకు ఇద్దరును కొంతసేపు నవ్విరి. పిమ్మట తాళములాయన యోచనాసముద్రమున మునిగెను. నేడు ఆసుపత్రికి తప్పక చేరునది ఏది? తాను దారి తప్పవచ్చును. ఇల్లాలికి దారిలో చుట్టాలు ఎదురుపడవచ్చును. ఎవరు రాకపోయినను పిల్లి రాక తప్పదు గదా, పిల్లి లేనిదే శస్త్రచికిత్స లేదు గదా! ఈ తర్కమునకు ముగ్ధుడై ఆయన, ఉన్న ఒకే ఒక్క తాళంచెవిని గట్టి దారముతో గొళ్ళెము మెడపట్టీకి కట్టివేసెను. తర్కమున ఎక్కడను లోపము లేదు. మీరు కూడ వెదకి చూడుడు, దొరకదు.

అటుపై ఆయన రణసన్నాహము గావించెను. కోటుమీద కోటు తొడిగెను. వంటింటిలో వేడిగిన్నెలు దించు గుడ్డలను చేతులకు చుట్టెను. మెడకు తువ్వాలు బిగించెను. కుర్చీని డాలుగా పట్టుకొని, ‘ఓసీ మార్జాలీ! నీ గోళ్ళ పదునో, నా కోటు మందమో నేడు తేలిపోవుగాక!’ అని మనసున గర్జించుచు తిరిగి దుకాణమున ప్రవేశించెను. ప్రవేశించి చూడగా గొళ్ళెము పంజరములోనే, ఇల్లాలు పరచియుంచిన ఆయన పాత చొక్కాపై, చుట్టచుట్టుకొని గురకపెట్టుచుండెను.

“అది ఎక్కడైనా మీ చొక్కా కనిపిస్తే అక్కడే పడుకుంటుంది కదండీ” అనెను ఇల్లాలు.

తాళములాయన జయోత్సాహముతో తాళమును నొక్కెను. అది బిగిసెను. తాళంచెవి లోపల, గొళ్ళెము మెడలో, నిశ్చింతగా నిద్రపోవుచుండెను.

పశువుల ఆసుపత్రి వసారా ఆ దినమున కోలాహలసంకులమై యుండెను. బుట్టలలో, సంచులలో, ఒకరి చొక్కా లోపల, నానావర్ణ మార్జాలములు ఆర్తనాదములు సలుపుచుండెను. తాళములాయన వెనుక ఒక బస్సు డ్రైవరు, బండిచక్రమంతటి గండుపిల్లిని ఒడిలో పెట్టుకొని, దానికన్న తానే ఎక్కువ భయపడుచు నిలిచియుండెను. వరుస జరిగి జరిగి, తుదకు డాక్టరమ్మ మన వీరుని పిలిచెను.

“పిల్లి పేరు?”

“గొళ్ళెం అండీ.”

“రాత్రినుంచీ ఏమీ పెట్టలేదు కదా?”

“లేదండీ. దారి పొడుగునా తిడుతూనే ఉంది.”

“మంచిది. బయటికి తియ్యండి, మత్తుసూది ఇవ్వాలి.”

తాళములాయన పైకోటు జేబులో చేయి పెట్టెను. లోకోటు జేబులో పెట్టెను. చొక్కా జేబును, పంట్లాము జేబులను, తువ్వాలు మడతలను శోధించెను. ఆ సమయమున గొళ్ళెము వెనుకకాలు ఎత్తి మెడ గోకికొనెను. గలగలమను నాదము వసారా నలుమూలల వ్యాపించెను. ఎల్లరు చూచిరి. తాళంచెవి పిల్లి మెడలో మెరిసెను, పిల్లి పంజరములో నుండెను, పంజరము తాళములో నుండెను. తాళము తాళంచెవిని కాపాడుటకై బిగిసికొన్న ఘట్టము లోకమున ఇదియే మొదటిది.

“ఏమండీ, తాళంచెవి లోపలుంది.”

“చూశాను.”

“మీరే కట్టారు.”

“తెలుసు.”

“తాళం కూడా మీరే—”

“ఊరుకుంటావా కాసేపు?”

కాంపౌండరు జాలిగా దగ్గరకు వచ్చెను. “పోనీ ఎవరైనా తాళాలు తీసేవాడ్ని పిలిపిద్దామాండీ? మీరేం పని చేస్తుంటారు?”

తాళములాయన నేలచూపులు చూచుచు, “తాళాలు తీస్తాను” అనెను.

ఆ నవ్వు చల్లారుటకు చాలసేపు పట్టెను. డ్రైవరు నవ్వి నవ్వి గండుపిల్లిని వదలివేయగా, దానిని బల్లలక్రింద వెదకి పట్టవలసివచ్చెను. డాక్టరమ్మ మాత్రము నవ్వలేదు. “మిగతావాళ్ళందరిదీ అయ్యేలోపు తీశారంటే చేసేస్తాను. తర్వాత నేనుండను. మళ్ళీ శిబిరం చలికాలంలోనే” అనెను.

చలికాలము! అంతలో గొళ్ళెము మరల కడుపుతో నుండుట తథ్యము. ఇంటావిడ చీపురు తాళములాయన కన్నులముందు గిర్రున తిరిగెను.

అయినను వీరుడు వీరుడే. ఇల్లాలి జడపిన్ను పెరికి, వంచి, తాళరంధ్రమున గ్రుచ్చి, తన సృష్టితో తానే ద్వంద్వయుద్ధమునకు దిగెను. ఆహా, ఆ సమరమును ఏమని వర్ణింతును! లీవరును లేపబోగా లీవరు వెనుక లీవరు లేచుచుండెను. పిన్ను విరిగెను. మరియొక పిన్ను వంగెను. తెరవవచ్చిన ఆయన ప్రయోగించిన ఉపాయమునకెల్ల, చేసిన ఆయన ముందుగానే విరుగుడు పెట్టియుండెను. ‘ఎవడురా దీనిని చేసినవాడు! వాని చేతులు బంగారము గాను!’ అని ఆయనలో సగము గర్వపడెను. తక్కిన సగము చెమటలు తుడుచుకొనెను. పిన్నులన్నియు అయిపోయి ఇల్లాలి జడ వీడిపోయినను, తాళము మాత్రము వీడలేదు.

పిమ్మట తీగె వంచి తాళంచెవిని లాగబోయెను. గొళ్ళెము పంజరము వెనుకమూలకు జరిగి, వేలికి తీగెకు అందనంత దూరమున, తీరికగా తోక సర్దుకొని కూర్చుండెను. “ఈ బిస్కెట్టు చూపించండి, ముందుకొస్తుంది” అని డ్రైవరు జేబు తడుముకొనగా, “తిండి పెట్టారంటే ఆపరేషన్ లేదు!” అని కాంపౌండరు లోపలినుండి అరచెను.

వరుస తరుగుచుండెను. తుదకు గండుపిల్లి కూడ లోనికి పోయెను. తాళములాయన పంజరమును ప్రక్కన పెట్టుకొని, వసారా గోడకు ఆనించియున్న పాత బీరువా ముందు చతికిలబడెను.

“ఇది పోతే నేను కొట్టు మూసేస్తానే” అనెను, చిన్న గొంతుకతో.

“మా ఆవిడ పిల్లి అంటారుగా ఎప్పుడూ?”

“నా పిల్లే. నా పిల్లే, చాలా?”

ఇల్లాలు ఆయన భుజముపై చేయి వేసెను. ఆమె కన్నులు కూడ చెమర్చెను.

అంతలో కాంపౌండరు, గండుపిల్లికి తొడుగుటకై ఒక ప్లాస్టిక్ బకెట్టు అడుగును కత్తెరతో కోయుచు బయటికి వచ్చెను. “కుట్లు నాకకుండా మెడకు పెట్టే గరాటాలు కట్టలు కట్టలున్నాయండీ ఆ బీరువాలో. తాళంచెవి ఎవరు పోగొట్టారో ఏమో, ఇదిగో, బకెట్లు కోసుకుంటున్నాం” అని గొణుగుకొనుచు నిలిచెను.

తాళములాయన ఆ మాటలు విననేలేదు. కాని ఆయన చేతులు వినెను. దుఃఖములో నున్న మనిషి చేతులు ఊరకుండలేక తెలిసిన పనికే పోవును గదా! చేతిలో మిగిలిన విరిగిన పిన్నుముక్కను, చూడకయే, బీరువా తాళమున దూర్చి, ఎప్పటివలె మెల్లగా త్రిప్పసాగెను.

టిక్కు.

పంజరములో కదలిక కలిగెను. గొళ్ళెము లేచెను. ఒళ్ళు విరుచుకొనెను. ఆకలిని, అలుకను, బస్సు ప్రయాణపు అవమానమును ఒక్కసారిగా మరచి, ప్రతిదినము చేయునట్లే తనవాని మణికట్టు వెదకుచు ముందుకు వచ్చి, తీగెల సందున మెడను అదిమి, కన్నులు మూసి, రుద్దెను. తాళంచెవి తీగె వెలుపలికి పొడుచుకొని వచ్చెను.

“కత్తెర!” అని ఇల్లాలు అరచెను. కాంపౌండరు బకెట్టు వదలి పరుగున వచ్చెను. దారము తెగెను. తాళములాయన తాళంచెవిని త్రిప్పెను. తాళలోకచక్రవర్తి వంటి ఆ తాళము, తన తాళంచెవికి ఎదురాడక, పెంపుడు జంతువువలె నోరు తెరచెను. అదే క్షణమున బీరువా తలుపు కూడ తెరచుకొని, గరాటాల కట్టలు కట్టలు నేలపై దొర్లెను. వసారాలో చప్పట్లు మ్రోగెను.

డాక్టరమ్మ బయటికి వచ్చి, బీరువాను, పంజరమును మార్చి మార్చి చూచెను. “మేం ఇన్నాళ్ళూ తీయలేని బీరువాని విరిగిన పిన్నుతో తీశారా? మరి ఇందాకటినుంచీ ఆ ఏడుపు దేనికండీ?”

‘ఓ వైద్యశిరోమణీ! పరులను గెలుచుట సులభము. తన్ను తాను గెలుచుట దుర్లభము!’ అని ఆయన మనసున పలికెను. పైకి మాత్రము, “ఇది నేను చేసింది కాదు కదండీ” అనెను.

గొళ్ళెము లోనికి పోయెను. తలుపు మూసిన తరువాత, లోపల గడిచిన కాలమంతయు ఆయన వసారాలో అటునిటు తిరిగెను. ఆయనతో డ్రైవరు కూడ తిరిగెను. తుదకు కాంపౌండరు గొళ్ళెమును తెచ్చి తాళములాయన చేతులలో పెట్టెను. కడుపుపై జుట్టు గొరిగి, చిన్న కుట్టు వేసి, మెడకు బీరువాలోని మొదటి గరాటా తొడిగియుండిరి. అది మత్తులో ఒక కన్ను తెరచి, ఆయనను చూచి, ఇతడే కదా అని మరల మూసెను.

తిరుగు బస్సులో ఇల్లాలు చాలసేపు పంజరమునే చూచుచు కూర్చుండెను.

“ఏమండీ.”

“ఊఁ.”

“తలుపు బందుల స్క్రూలు బయటివైపే ఉన్నాయండీ. అవి రెండూ విప్పేస్తే తాళం జోలికే పోనక్కర్లేకుండా తలుపే ఊడొచ్చేది కదా?”

బస్సు చప్పుడులో ఆ మాట తాళములాయనకు వినబడలేదు. బస్సు అప్పుడు సిగ్నలు దగ్గర ఆగియుండినను, వినబడలేదు.

మేడ మెట్లకడ ఇంటావిడ నిలిచియుండెను. చేత చీపురుండెను.

“అయిందా?”

“అయిందమ్మగారూ.”

“నిజంగానే? బుట్ట ఒక్కటే తీసుకెళ్ళి రాలేదు కదా?”

తాళములాయన తువ్వాలు తొలగించి కుట్టును చూపెను. ఆమె వంగి చూచెను. చీపురు గోడకు ఆనించెను. “మెడకి ఆ గరాటా ఏంటయ్యా, పాపం? ఊపిరాడుతుందా దానికి?” అని గద్దించి, సమాధానమునకు ఆగక మెట్లెక్కి పోయి, ఒక దుప్పటితో దిగివచ్చెను. “ఎలాగూ దీని వెంట్రుకలేగా నిండా. ఇంక నేనేం కప్పుకుంటాను? దీని కింద పరువు.”

“మరి, కొట్టు?”

“కొట్టుకేమైంది? ఎక్కడివాళ్ళక్కడ ఉండండి. నా బీరువాకి మాత్రం ఓ తాళం పెట్టు. నువ్వు తెరవగలిగేదే పెట్టు.”

అస్తమించుచున్న సూర్యుని కిరణములు మెట్ల సందులనుండి దుకాణములోనికి జారుచుండగా, తాళములాయన బల్లముందు కూర్చుండెను. గొళ్ళెము మోచేతి ప్రక్కన, కొత్త దుప్పటిపై, గరాటాతో. ఆయన ఒక తాళమును చేతికి తీసికొని పని మొదలిడెను. టిక్కు. గొళ్ళెము తూలుచు లేచి, మెడను మణికట్టుకు అదమబోయెను. గరాటా ‘టక్’మని ఆయన చేతికి తగిలెను. మరల ప్రయత్నించెను. మరల ‘టక్’. అది వెనుకకు తగ్గి, ఇదేమి లోకమురా అన్నట్లు ఆయన ముఖములోనికి చూచెను. ఆ చూపు ఆయన భరింపజాలకపోయెను.

అప్పుడా వీరాగ్రేసరుడు తాళముతోకూడ తన చేతిని గరాటాలోనికి పోనిచ్చి, దాని చెవి కడ, తాళంచెవిని మెల్లగా త్రిప్పెను. టిక్కు! గరాటా నిండ ఆ నాదము మ్రోగెను. గొళ్ళెము కన్నులు మూసి, ఆయన బొటనవ్రేలికి చెక్కిలిని ఆనించి రుద్దెను. చాలును. ఆయనకు ఇంతకు మించిన సామ్రాజ్యము అక్కరలేకపోయెను.

ఈ గాథను శ్రద్ధగా వినినవారి తాళంచెవులు వారి వారి జేబులలోనే దొరకును. వారి పిల్లులు తమంత తామే బుట్టలలో దూరును, వారి బీరువాలలో దుప్పట్లు మాత్రమే ఉండును. ఒక తాళమును, అందులోను తన తాళమును, దాని సొంత తాళంచెవితోనే తెరచి గెలిచిన ఆ ధీరునికి జయము, జయము. బందుల సంగతి ఎవరైన అడిగినచో, అది ఈ గాథలో లేదని చెప్పుడు.